చెంగల్రాయుడి వీపు మంట

మిట్టమధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చిన చెంగల్రాయుడు ఆ రోజు అన్నానికి కూర్చోలేదు. ఖాకీ చొక్కా విప్పి దండెం మీద పడేసి, వంటింటి గడప ముందు చల్లటి బండల మీద బోర్లా పడుకున్నాడు.

"మే, వసంతా! ఒక గుడ్డ తడిపి ఈపు మీద ఎయ్యి."

వసంతమ్మ పొయ్యి మీది పులుసు దించి వచ్చి చూసింది. వీపు మామూలుగానే ఉంది. కందలేదు, వాయలేదు, ఒక్క దద్దురైనా లేదు.

"యాడ మామా?"

"రెక్కల నడుమ. ఎడం పక్క ఇంకా జాస్తి. అగ్గి తెచ్చి పెట్టినట్టుండాది."

ఆమె తడిగుడ్డ వేసింది. కాసేపటికి గుడ్డ వెచ్చబడింది గాని మంట చల్లారలేదు. మళ్లీ తడిపి వేసింది. ఎండన పడి వచ్చాడు, ఇంజను సెగ తగిలి ఉంటుంది, కాస్త నిద్రపోతే సర్దుకుంటుందిలే అనుకుంది. మాఘమాసంలో అలా మొదలైన మంట ఉగాది వెళ్లిపోయినా సర్దుకోలేదు.

చెంగల్రాయుడు తిరుపతిలో కొండ బస్సు డ్రైవరు. సొంతూరు బంగారుపాళ్యం పక్కన ఒక పల్లె. తండ్రి మునెయ్య మామిడి తోపులకు కాపలా ఉండేవాడు. కొడుకు మీసాలు రాకముందే కాయల లారీకి క్లీనరుగా ఎక్కాడు. గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు తోలే ఆ లారీల్లోనే స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. తర్వాత బస్సుల్లో కుదిరి కొన్నేళ్లు మైదానం రోడ్ల మీద తోలాక, పరీక్ష పెట్టి కొండ దారికి తీసుకున్నారు. ఆ వార్త తెలిసిన రోజు అతని తల్లి కుప్పమ్మ కొర్లగుంటలో వాళ్లుండే వీధి వీధంతా తిరిగి, "నా కొడుకు ఇంకమీద సామి దగ్గరికి జనాన్ని మోస్తాడు" అని చెప్పుకొచ్చింది.

వసంతమ్మ అతనికి అక్క కూతురు. "మామా" అన్న పిలుపు పెళ్లికి ముందూ అదే, తర్వాతా అదే. కుప్పమ్మ వరసకు అత్తయినా, వసంతమ్మ చిన్నప్పటిలాగే ఆమెను "అవ్వా" అనే పిలిచేది. కూతురికి పెళ్లి చేసి పుత్తూరు పంపాక ఆ ఇంట్లో మిగిలింది ఈ ముగ్గురే.

చెంగల్రాయుడు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పొద్దున్నే చన్నీళ్లు పోసుకుని, నుదుట తిరుచూర్ణం గీత దిద్దుకుని, చొక్కాకు మడత నలగకుండా బయల్దేరేవాడు. అలిపిరిలో బస్సు ఆపినప్పుడు ముసలివాళ్లెవరైనా మెట్టు దిగలేక తడుముకుంటూ ఉంటే తన సీటు వదిలి వచ్చి చెయ్యి అందించేవాడు. ఇంటికి ఎప్పుడూ ఉత్త చేతులతో రాడు. జామకాయలో, మరువమో, ఏదీ దొరకకపోతే ఇన్ని మరమరాలో తెచ్చేవాడు. ఒక్క విషయంలో మాత్రం మొండి. పెళ్లాన్ని తన బస్సు ఎక్కనిచ్చేవాడు కాదు. "నువ్వు ఎనకాల కూసుంటే నా గేనమంతా నీ మీదుంటాది. రోడ్డు మీద ఉండదు" అనేవాడు. ఆ మాట వసంతమ్మకు కోపం తెప్పించాలో, సంతోషం తెప్పించాలో తెలియక ఇన్నేళ్లూ నడిచే కొండెక్కింది, నడిచే దిగింది.

వీపు మంట పట్టుకున్నాక ఇంటి తీరే మారింది. కుప్పమ్మ రోజూ సాయంత్రం కొడుకును వెలుగులో కూర్చోబెట్టి, ముఖం ఆనించేంత దగ్గరగా వంగి వీపంతా వెతికేది.

"అక్కి లేస్తా ఉండాదేమోరా. ముందు మండుతాది, ఆనక పొక్కులు లేస్తాయి. పొక్కు కనపడితే కుమ్మరాయన్ను పిలిచి ఎర్రమన్ను రాపిస్తా."

వారం గడిచినా పొక్కు కనపడలేదు. కుప్పమ్మ వెతకడం మానలేదు. అవ్వకు అది అక్కే కావాలని ఎందుకు అంత ఆశగా ఉందో వసంతమ్మకు తెలుసు, చెంగల్రాయుడికీ తెలుసు. మునెయ్య తోపులో కాపలా మంచం మీద కూర్చుని "వీపు మండుతా ఉండాది" అన్నాడు ఒక రోజు. మజ్జిగ తాగి పడుకున్నాడు. సాయంత్రానికి మనిషి లేడు. గుండె ఆగిందని తర్వాత ఎవరో డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ముగ్గురి మనసులోనూ ఉంది, ఒక్కరి నోటా రాలేదు.

జిల్లేడాకులు వేడి చేసి కాపడం పెట్టారు. వెల్లుల్లి వేసి కాచిన నూనె రాశారు. అతనితోపాటు తిరిగే కండక్టరు ధనంజయ, "ఇది గ్యాసన్నా, పైకెక్కింది" అని సోడాలు తాగించాడు. సోడా తాగితే త్రేన్పులు వచ్చాయి గాని మంట పోలేదు. డిపోలో కండలు తిరిగిన డ్రైవరొకడు బోర్లా పడుకోబెట్టి మోకాలితో తొక్కాడు. ఆ రాత్రి చెంగల్రాయుడు ఏ పక్కకు ఒరగాలన్నా అబ్బా అన్నాడు. కూతురింటికి వెళ్లినప్పుడు పుత్తూరులో కట్టు కట్టే ఆయనకు కూడా చూపించారు. ఆయన వీపంతా తడిమి, "ఎముక్కేమీ కాలేదప్పా. నా కట్టు దీనికి పనికి రాదు. పోయి డాక్టరుకు చూపించుకో" అని, కట్టకుండానే పంపించేశాడు.

డాక్టరు అనే మాట వినగానే చెంగల్రాయుడి ముఖం మూసుకుపోయేది. "గుండె జబ్బని రాస్తే కొండ డ్యూటీ పీకేస్తారు" అనేవాడు. అసలు భయం అది కాదని వసంతమ్మకు తెలుసు. ఒక ఆదివారం అతను తలదువ్వుకుంటూ ఉండగా అద్దం ముందు నిలబడి ఖచ్చితంగా చెప్పేసింది.

"నువ్వు డాక్టరు దగ్గరికి రాకపోతే, నేను పోయి నా ఈపు మండతా ఉండాదని సెప్పి నీ జబ్బుకు నేను మందు తింటా. ఆ మందు తిని నాకేమన్నా అయితే నీ ఇష్టం."

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే వీపు చురుక్కుమంది. సరే అన్నాడు.

గాంధీ రోడ్డు సందులో సారంగపాణి గారని పెద్ద డాక్టరుండేవాడు. తెల్లటి పంచె, పెద్ద నామం, తొందరలేని మాట. ఆయన చెంగల్రాయుణ్ని బల్ల మీద కూర్చోబెట్టి ముందు చాలాసేపు ప్రశ్నలే అడిగాడు. మెట్లెక్కితే మంట ఎక్కువవుతుందా? చెమటలు పడతాయా? ఊపిరి ఆడదా? ఎడమ చెయ్యి లాగుతుందా? తిమ్మిరెక్కుతుందా? జ్వరం తగిలిందా? తిన్న వెంటనే వస్తుందా, పరగడుపున వస్తుందా? అన్నింటికీ లేదు లేదనే జవాబు. తర్వాత వీపు మీద చెయ్యి పెట్టి, ఎడమ రెక్క ఎముక అంచున బొటనవేలితో నొక్కాడు.

"అమ్మా!" అని చెంగల్రాయుడు బల్ల మీదనుంచి లేచినంత పని చేశాడు.

"ఇక్కడేనా?"

"ఆడనే సామీ. మంటంతా ఆణ్నించే పుడతాది."

డాక్టరు మెడ పక్క కండను పట్టి చూశాడు. మోకులాగా బిగుసుకుని ఉంది. "నాకు తోచింది ఒకటుంది గానీ, గుండె చూడకుండా మాట చెప్పను. మీ నాయన పోయిన తీరు చెప్తివి గదా, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ముందు పెద్దాసుపత్రిలో ఇ.సి.జి. తీయించుకురా. ఊపిరితిత్తుల ఫోటో కూడా" అని చీటీ రాసిచ్చాడు.

రెండూ బాగున్నాయి. గుండె నిక్షేపంగా ఉందని సారంగపాణి గారు చెప్పినప్పుడు చెంగల్రాయుడు బయటికొచ్చి, వరండాలో స్తంభం పట్టుకుని చాలాసేపు రోడ్డు చూస్తూ నిలబడ్డాడు. ఇంటికి వెళ్లి సంగతి చెప్పగానే కుప్పమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ రోజు అతను చాన్నాళ్ల తర్వాత మూడోసారి కూడా అన్నం పెట్టించుకున్నాడు. కానీ మంట మాత్రం ఎక్కడికీ పోలేదు.

మరుసటి సారి వెళ్లినప్పుడు డాక్టరు వసంతమ్మ వైపు తిరిగాడు.

"ఏది కాదో తెలిసింది తల్లీ. ఇప్పుడు ఏదో తెలియాల. ఇది కండ మంట. ఒకే కండను ఆపకుండా బిగబట్టి ఉంచితే దానికి రక్తం సరిగ్గా ఆడదు. అప్పుడు నొప్పి పెట్టకుండా ఇట్లనే మండుతుంది. దినమంతా ఒకే తీరున ఉంటుందా?"

చెంగల్రాయుడు నోరు తెరిచేలోపు వసంతమ్మే చెప్పింది. "లేదు సామీ. సెలవు దినం పొద్దున కొంచెం ఉంటాది, మధ్యాన్నానికి పోతాది. డ్యూటీ దినాల్లోనే ఇంతగా మండేది. కొండ దిగొచ్చినప్పుడు ముఖం సూస్తేనే నాకు తెలిసిపోతాది."

"ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

అది ఎప్పుడూ గమనించలేదన్నాడు చెంగల్రాయుడు. డాక్టరు వసంతమ్మనే అడిగాడు.

"ఆయన బస్సులో ఎట్ల కూర్చుంటాడో నువ్వు ఎప్పుడన్నా చూసినావా?"

"నన్ను ఎక్కనియ్యడు సామీ."

"ఒకసారి ఎక్కి చూడు. ఎవరి వీపు వాళ్లకు కనపడదు. వెనక కూర్చున్న వాళ్లకే కనపడుతుంది."

ఆ వాదన ఇంటిదాకా సాగింది. చివరికి డాక్టరు చెప్పాడు కాబట్టి ఒక్కసారికి అని చెంగల్రాయుడు ఒప్పుకున్నాడు. ధనంజయ ఆమెను డ్రైవరు సీటు వెనక, కిటికీ పక్కన కూర్చోబెట్టి, "వదినా, గట్టిగా పట్టుకో. అన్న మలుపు తిప్పితే మీ అవ్వ ఊరు కనపడతాది" అని నవ్వించాడు.

ఎక్కేటప్పుడు వసంతమ్మకు ఏమీ తేడా కనపడలేదు. బస్సు గుర్రుమంటూ మెల్లగా కొండెక్కుతూ ఉంటే, అతను ఒక మోచెయ్యి కిటికీ అంచున ఆనించి ధనంజయతో ఏదో మాట్లాడుతూ కూడా ఉన్నాడు. మలుపుల దగ్గర ఆ పెద్ద స్టీరింగును ఒళ్లంతా వంచి తిప్పేవాడు, తిప్పాక మళ్లీ వెనక్కి ఆనుకునేవాడు. తన మొగుడు ఇంత బరువైన బండిని ఇంత అలవోకగా ఆడిస్తాడని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు. గర్వంగా అనిపించింది. పక్కన కూర్చున్న తమిళావిడకు "ఆయన మా ఆయనే" అని చెప్పాలనిపించి, సిగ్గేసి ఊరుకుంది.

దిగే దారి వేరు. అది పాత దారి, మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక పక్క కొండ, ఇంకో పక్క పిట్టగోడ, గోడ అవతల లోయ. బస్సు మొదటి మలుపు తిరగకముందే వసంతమ్మ చూసింది. అతని భుజాలు లేచాయి. మెల్లగా, ఎవరో పై నుంచి దారం పట్టి లాగుతున్నట్టు, చెవుల దాకా లేచాయి. మెడ ముందుకు సాగింది. వీపు సీటుకు ఆనలేదు. చేతులు స్టీరింగును పట్టుకున్నట్టు లేవు, పిసుకుతున్నట్టున్నాయి. మలుపు దాటింది. భుజాలు దిగలేదు. తిన్నటి దారి వచ్చింది. అప్పుడూ దిగలేదు. ఒక చోట, రోడ్డు లోయ మీదికి ఒంగినట్టుండే మలుపు దగ్గర, అతను ఊపిరి తీయడం కూడా మానేసినట్టనిపించింది. చొక్కా మీద చెమట సరిగ్గా రెక్కల నడుమ ముద్దగా పట్టింది.

చూస్తూ చూస్తూ ఉండగా ఆమెకే ఎడమ రెక్క కింద చిరచిరమంది. ఏందబ్బా అని చూసుకుంటే తన భుజాలు కూడా చెవుల దగ్గరే ఉన్నాయి. దింపింది. ఒక నిట్టూర్పు వచ్చింది, ఆ చిరచిర తగ్గింది. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆమెకు. ఇంతసేపటికే తనకు ఇలా ఉంటే, రోజూ ఇన్ని సార్లు దిగే మనిషికి ఎలా ఉండాలి?

అలిపిరిలో జనం దిగిపోయాక ధనంజయ టీలు తెస్తానని వెళ్లాడు. ఖాళీ బస్సులో వసంతమ్మ ముందుకొచ్చి ఇంజను బానెట్టు పక్కన నిలబడింది.

"మామా, దిగేటప్పుడు నీకు ఏమైతా ఉండాది?"

"ఏమైతాది? బండి తోల్తా ఉండా."

"ఎక్కేటప్పుడు తోలిన మనిషి వేరే, దిగేటప్పుడు తోలిన మనిషి వేరే. నీ బుజాలు యాడికి లేస్తాయో నీకు తెలుసునా? బస్సు సక్రాల మీద పోలే, నీ ఈపు మీద పోతా ఉండాది."

అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అద్దంలోంచి ముందుకు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, ఎవరికో చెప్తున్నట్టు చెప్పాడు.

కిందటి కార్తీకంలో తెరపిలేని వానలు. ఒక మధ్యాహ్నం నిండు బస్సుతో దిగుతూ ఉండగా, ఆ ఒంగిన మలుపు దగ్గర కొండ మీదినుంచి ఒక బండ జారి రోడ్డు మీద పడింది. అతను బండిని పక్కకు తిప్పాడు. తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారాయి. బస్సు అడ్డంగా తిరిగి, పిట్టగోడకు రాసుకుంటూ వెళ్లి, గోడ విరిగిన చోట ఆగింది. అంతా అరుపులు. గుండు కొట్టించిన చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న ఒకామె ముందుకు పడితే, ఆ బిడ్డ వచ్చి బానెట్టు మీద, అతని మోచేతి పక్కన పడ్డాడు. దెబ్బ తగల్లేదు. అతని ముఖంలోకి చూసి ఏడుపు మొదలుపెట్టాడు.

"ఎవరికీ ఏమీ కాలే మే. అందురూ గోవిందా అంటా దిగినారు. నా మెళ్లో పూలమాల ఏసినారు. ఇంకో బస్సు వచ్చి వాళ్లను తీసకపోయింది. నేను ఇంటికొచ్చి నువ్వు పెట్టిన అన్నం తింటి."

"నాకు సెప్పలేదే!"

"ఏమని సెప్పేది? ఏమీ కాలే గదా. అవ్వకు తెలిస్తే నిద్రపోదు. నువ్వు నన్ను పోనియ్యవు." అతను తల వంచుకున్నాడు. "ఆ దినం నుంచి దిగేటప్పుడు నాకు ఒకటే. నేను వదిలితే బండి పోతాది. నేను పట్టుకుంటేనే ఉంటాది. వదల్లేకుండా ఉండా వసంతా."

వసంతమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. రాయిలా ఉంది. టీలు పట్టుకుని వచ్చిన ధనంజయ వాళ్లను చూసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ దిగిపోయాడు.

ఆ సాయంత్రమే ఇద్దరూ సారంగపాణి గారి దగ్గరికి వెళ్లారు. ఆయన అంతా విని, నవ్వలేదు, కోప్పడలేదు. "నువ్వు భయపడినావంటే తప్పేమీ లేదప్పా. భయపడకుంటేనే నేను అనుమానపడేవాణ్ని. మనసుకు గండం గడిచిందని తెలిసినా, ఆ కండకు ఎవరూ చెప్పలేదు. అది ఇంకా పట్టుకునే ఉంది. దానికి మనం నేర్పాల" అన్నాడు.

నేర్పించినవి చిన్న చిన్న పనులు. పూటకోసారి ఉప్పు మూట వేడి చేసి రెక్కల నడుమ పెట్టాలి, చర్మం కమిలేంత వేడి కాదు. నూనె రాయొచ్చు, తొక్కించుకోకూడదు. తల కింద ఎత్తు దిండు వద్దు. గోడకు మడమలు, పిర్రలు, వీపు ఆనించి నిలబడి, చేతులు గోడ మీదుగానే మెల్లగా పైకి లేపి దించాలి. రెక్కలు రెండూ వెనక్కి దగ్గర చేసి పట్టుకుని వదలాలి. బస్సు సీటు ముందుకు జరిపించుకోవాలి, నడుము వెనక మడిచిన దుప్పటి పెట్టుకోవాలి. మలుపు రాకముందే ఊపిరి బయటికి వదలాలి. భుజాలు దించాలి. "ఛాతీలో బరువు, చెమటలు, చెయ్యి లాగడం, ఇట్లాంటివి కొత్తగా వస్తే మాత్రం ఇది కండే గదా అని కూర్చోవద్దు. పరిగెత్తుకు రా" అని కూడా చెప్పాడు. కొన్ని నెలలు కొండ దారి వదిలి మైదానంలో తోలితే మంచిదన్నాడు.

ఆ చివరి మాటే చెంగల్రాయుడికి మింగుడుపడలేదు. కొండ డ్రైవరు కింది రోడ్డుకు అడుక్కుని పోవడమా? రెండు రోజులు అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు. ఆఖరికి కుప్పమ్మే కసిరింది. ఆమెకు అప్పటికి వానరోజు సంగతి కూడా చెప్పేశారు. "సామి యాడికీ పోడు. కొండా యాడికీ పోదు. నువ్వు బాగుంటే మళ్లా ఎక్కుదువు గానీ, పో!" అంది.

డిపోలో నాయుడుపేట రూటు ఇచ్చారు. చదునైన రోడ్డు, మలుపుల్లేవు. పులికాట్ సరస్సు వైపు నుంచి వచ్చే జాలరి ఆడవాళ్లు గంపలు టాపు మీద వేయించి, ముందు సీట్లలో కూర్చుని లోకంలోని కబుర్లన్నీ చెప్పేవాళ్లు. ఇంటికి వచ్చేటప్పుడు జామకాయలకు బదులు ఎండురొయ్యల పొట్లం వచ్చేది. కుప్పమ్మ ఆ వాసన పీల్చి, "ఈ రూటే మేలురా" అనేది.

పొద్దున పూట గోడకు ఆనుకుని చేతులు లేపే కొడుకును చూసి ఆమెకు నవ్వాగేది కాదు. "బల్లి మాదిరి అతుక్కోని ఉండావే, పురుగులు పడతా ఉండావా?" అనేది. అతను నవ్వితే వీపు గోడనుంచి వీడిపోయేది, మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చేది. సాయంత్రాలు వసంతమ్మ ఉప్పు మూట పెట్టేది. మొదట్లో ఆ మూట పెడితే రాయి మీద పెట్టినట్టుండేది. నెల గడిచాక ఒక రోజు వేళ్ల కింద కండ మెత్తగా కదిలింది. ఆమె ఇంకాసేపు అక్కడే చెయ్యి ఉంచింది. అతను అప్పటికే నిద్రపోయాడు.

అంతా తిన్నగా జరగలేదు. ఆషాఢంలో ఒక రోజు, రోడ్డు మీద ఏమీ లేకుండానే, నాయుడుపేటలో తిరిగి బయల్దేరగానే మంట భగ్గుమంది. ఇంటికొచ్చి, "ఇది పొయ్యేది గాదు మే. నాతోనే ఉంటాది" అని దిగాలుపడి కూర్చున్నాడు. సారంగపాణి గారు మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. "ఇట్ల వచ్చి పోతా ఉంటుందప్పా. ముందు ఎన్నాళ్లుండేది? ఇప్పుడెంతసేపుంది?" అన్నాడు. లెక్క చూసుకుంటే రాత్రి భోజనానికే తగ్గిపోయింది. చెంగల్రాయుడు తల గోక్కుని నవ్వాడు.

మార్గశిరంలో మళ్లీ కొండ డ్యూటీ అడిగి తీసుకున్నాడు. మొదటి రోజు వసంతమ్మ వస్తానంటే వద్దన్నాడు. ఆమె ఇంట్లో కూర్చుని బియ్యం ఏరుతూ, ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది. మధ్యాహ్నం వచ్చాడు. వీపు కొంచెం చిరచిరమంటోంది గానీ మునుపటంత కాదన్నాడు. మరుసటి రోజు ఇంకొంచెం తక్కువన్నాడు. వారం పోయాక ఆ సంగతి ఎత్తడమే మానేశాడు.

ఎలా తగ్గిందో ఆమెకు తెలిసింది మాత్రం కొన్నాళ్ల తర్వాత, ధనంజయ ఇంటికొచ్చినప్పుడు. అతను అరుగు మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"వదినా, రేపు ఏం కూర సేస్తావు?"

"ఎందుకబ్బా? అన్నానికి వస్తావా?"

"నేను గాదు వదినా, బస్సంతా అడగతా ఉండారు."

ఆమెకు అర్థం కాలేదు. ధనంజయ విడమరిచి చెప్పాడు. డాక్టరు ఊపిరి వదలమన్నాడు గాని, ఆ ఒంగిన మలుపు దగ్గరికి వచ్చేసరికి అన్నకు అది గుర్తుండదు. భుజాలు లేచేస్తాయి. ఊపిరి వదులన్నా అని చెప్తే ఇంకా బిగుసుకుంటాడు. అందుకని ధనంజయ ఒక ఉపాయం పట్టాడు. సరిగ్గా మలుపుకు ముందు వెనకనుంచి, "అన్నా, ఈ పొద్దు ఇంట్లో ఏం కూర?" అని గట్టిగా అడుగుతాడు. జవాబు చెప్పాలంటే నోరు తెరవాలి, ఊపిరి వదలాలి. "వంకాయ!" అని అరుస్తాడు అన్న. భుజాలు దిగుతాయి. బస్సు మలుపు తిరుగుతుంది.

"ఇప్పుడు జనానికి గూడా సరదా అయిపోయింది. మొన్న అన్న 'ఉత్త చారు!' అనేసినాడు. బస్సంతా అయ్యో అన్నారు. ఒక నెల్లూరామె దిగిపోతా దిగిపోతా నిమ్మకాయ ఊరగాయ పొట్లం సేతిలో పెట్టి పోయింది."

వసంతమ్మకు ఆ పొట్లం గుర్తొచ్చింది. కొన్నానని చెప్పాడు. సిగ్గూ కోపమూ కలిసి ముఖం ఎర్రబడింది. "కొండ దారంతా నా పరువు తీస్తా ఉండారా మీ ఇద్దరూ!" అని చీపురు ఎత్తింది. ధనంజయ నవ్వుతూ వీధిలోకి పరిగెత్తాడు. లోపల కుప్పమ్మ పడీ పడీ నవ్వింది. చెంగల్రాయుడు మాత్రం పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కదల్లేదు.

మరుసటి రోజు తెల్లవారకముందే లేచి వసంతమ్మ నానబెట్టిన అనపగింజలు ముందేసుకుని కూర్చుంది. ఒక్కో గింజా పితికి, తోలు తీసి, మసాలా నూరి, కొబ్బరి వేసి, వీధిలోకి వాసన పోయేలా పితికిపప్పు చేసింది. అతను నామం దిద్దుకుని, టోపీ పెట్టుకుని గడప దాటుతూ ఉంటే వెనకనుంచి పిలిచింది.

"మామా! పితికిపప్పు. పప్పు అని సెప్పి ఊరుకోవాకు. అందురికీ ఇనపడేటట్టు, పూర్తిగా సెప్పు."